ట్రాన్స్‌ఫర్ మీద అభ్యంతరం

ఆమె వీధిలో అతని బస్సు పట్టలేదు.

గొడవంతా అక్కడ మొదలైంది. నగర ప్రణాళికా కార్యాలయంలో, కిటికీ పక్కనున్న పొడుగాటి బల్ల మీద, పాత మార్కెట్ రోడ్డు నమూనా పెట్టి ఉంది. అట్టతో చేసిన మేడలు, అగ్గిపుల్లల్లాంటి స్తంభాలు, స్పాంజి చెట్లు, గోరంత మనుషులు. మూతపడ్డ బస్సు డిపో స్థలంలో కొత్తగా రాబోయే మేడ నడుమ దర్జాగా నిలబడి ఉంది. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఆ పైన ఇళ్ళు. దాన్ని గీసిందీ, కత్తిరించిందీ, జిగురు పెట్టి అతికించిందీ ఒక అమ్మాయి. ఆర్కిటెక్టు. వేళ్ళకి ఇంకా జిగురు వదల్లేదు.

అతను రవాణా విభాగంలో ఇంజనీరు. చీఫ్ ప్లానర్ మేడమ్ చూస్తుండగా జేబులోంచి ఒక ఎర్ర బొమ్మ బస్సు తీసి, ఎంతో నమ్మకంగా ఆ వీధిలో పెట్టాడు. బస్సు రెండు వైపులా ఫుట్‌పాత్ ఎక్కింది. ఇద్దరు అట్ట మనుషులు వెల్లకిలా పడ్డారు. ఒక చెట్టు ఒరిగిపోయింది.

"చూశారా మేడమ్. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను. రోడ్డు ఇరుకు," అన్నాడు.

"రోడ్డు ఇరుకు కాదు. మీ బస్సుకి ఒళ్ళెక్కువ," అంది ఆమె.

"మామూలు సిటీ బస్సండీ ఇది."

"మామూలు సిటీ బస్సు మా రెండో అంతస్తు బాల్కనీకి తగులుతుందా? మా మేడలో వాళ్ళు దీన్ని ఎక్కాలంటే మెట్లు దిగక్కర్లేదు. వంటింటి కిటికీలోంచి కాలు బయట పెడితే చాలు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు బస్సు రంగుకి వచ్చాయి. ఏదో అనబోయాడు గాని, చీఫ్ మేడమ్ అప్పటికే స్కేలు తీసి బస్సునీ మేడనీ కొలిచేసింది.

"అమ్మాయ్, నీ నమూనా ఒకటికి రెండొందలు. బాబూ, నీ బస్సు ఒకటికి వంద. ఈ ఊళ్ళో బస్సులు రెట్టింపు సైజులో తిరుగుతాయని నీకెవరు చెప్పారు?"

అతను నాలిక్కరుచుకున్నాడు. ఆమె గెలిచినట్టు నవ్వింది.

"నువ్వు నవ్వకు. నమూనా మీద స్కేలు ఎక్కడా రాయలేదు నువ్వు. అతను మాత్రం ఏం చేస్తాడు, కల గంటాడా? ఇద్దరూ ఒకరి పని ఒకరు చూసుకోకుండా చేస్తే ఇలాగే ఉంటుంది. ఇవాళ్టి నుంచి మీ బల్లలు పక్కపక్కన వేసుకోండి."

స్కేలు చూసుకోకుండా ఒకే వీధి గురించి ఇంతలేసి మాటలనుకోవడం ప్లానర్లకే చెల్లింది. సాయంత్రానికల్లా ఆఫీసు వాళ్ళిద్దరికీ పేర్లు పెట్టేసింది. బస్సబ్బాయి, మేడలమ్మాయి. ఆ పేర్లు ఎంత బాగా అతుక్కున్నాయంటే, జీతాలిచ్చే సెక్షన్ వాళ్ళు కూడా అసలు పేర్లు మర్చిపోయారు. మనం కూడా వాటితోనే సరిపెట్టుకుందాం.

బల్లలు కలిపారు గాని మనుషులు కలవడానికి టైం పట్టింది.

"మీ మోచెయ్యి నా జంక్షన్ మీద ఉంది," అనేవాడు బస్సబ్బాయి.

"మీ జంక్షన్ నా మెట్ల మీద ఉంది," అనేది మేడలమ్మాయి.

"ఆ చెట్టు కొంచెం పక్కకి జరపండి. బస్సు తిరగాలి."

"చెట్టుకి వేళ్ళుంటాయి. బస్సుకి చక్రాలుంటాయి. ఏది జరుపుకోవాలో మీరే చెప్పండి."

నిజానికి ఇద్దరి కోరికా ఒకటే. మనిషి కారు తాళాల కోసం వెతుక్కోకుండా రోజు గడిచిపోవాలి. కాలినడకో, సైకిలో, బస్సో చాలాలి. దీన్ని బస్సులు పెంచి సాధిద్దామంటాడు అతను. అసలు బస్సెక్కే పనే తగ్గిద్దామంటుంది ఆమె.

"మెట్లు దిగితే బ్రెడ్డు దొరుకుతుంటే, బ్రెడ్డు కోసం బస్సెందుకండీ?"

"అందరూ మీ మేడలోనే కూర్చుంటే నా బస్సులెవరు ఎక్కుతారు?"

"మా మేడకి రావాలనుకునేవాళ్ళు."

"ఎవరొస్తారు?"

"ఏం, మీరు రారా?"

పెన్సిల్ చెక్కుకుంటూ, తల ఎత్తకుండా అంది ఆ మాట. బస్సబ్బాయి చేతిలో స్కేలు జారి కింద పడింది. వంగి తీసుకోవడానికి మామూలు కంటే కొంచెం ఎక్కువ సేపు పట్టింది.

మేడలమ్మాయికి ఒక్కటే పట్టు. స్టేషన్ వైపు వెళ్ళే బస్సులూ, యూనివర్సిటీ వైపు వెళ్ళే బస్సులూ తన మేడ కిందే కలవాలి. జనం ఒక బస్సు దిగి, దుకాణాల మధ్య నుంచి నడిచి, ఇంకో బస్సు ఎక్కాలి. అప్పుడే ఆ కింది అంతస్తు కళకళలాడుతుందని ఆమె లెక్క. ఇలా ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కడాన్ని మామూలు మనుషులు బస్సు మారడం అంటారు. ప్లానర్లు ట్రాన్స్‌ఫర్ అంటారు.

"ట్రాన్స్‌ఫర్ ఎప్పుడిస్తారు?" అని రోజూ పొద్దున్నే అడిగేది.

"ఇవ్వను. దిగి ఎక్కమంటే జనం తిడతారు."

"ఎందుకు తిడతారు? నాలుగడుగులు నడుస్తారు, నలుగురిని చూస్తారు. ట్రాన్స్‌ఫర్ మంచిదండీ."

"మీకు మంచిది. నాకు తలనొప్పి."

ఇలా గుడ్ మార్నింగ్‌కి బదులు ట్రాన్స్‌ఫర్ అనే మాటతోనే వాళ్ళ రోజు మొదలయ్యేది. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ముందు ముందు కొంప ముంచేది ఇదే.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఆ రోడ్డు మీద బస్ స్టాపులు చూడ్డానికి వెళ్ళారు. ఫుట్‌పాత్ వెడల్పు కొలవడం అతని పని. ఎవరి కిటికీ ఎటు తెరుచుకుంటుందో చూసుకోవడం ఆమె పని. టేపు ఒక కొస అతని చేతిలో, రెండో కొస ఆమె చేతిలో. సరిగ్గా అప్పుడే వాన దిగింది. పరుగున వెళ్ళి బస్ షెల్టర్లో దూరారు.

దూరారు గాని లాభం లేకపోయింది. వాన ఏటవాలుగా లోపలికి వచ్చేస్తోంది.

"ఈ షెల్టర్ డిజైన్ చేసినాయన ఎవరో గాని, జన్మలో వానని చూసినట్టు లేడు," అంది మేడలమ్మాయి, మొహం తుడుచుకుంటూ.

"గాలి లేనప్పుడు బాగానే ఉంటుంది."

"మీకెలా తెలుసు?"

"నేనే చేశాను."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, ఇక ఆపుకోలేక పడీ పడీ నవ్వింది. ఉడుక్కుందామనుకున్నాడు గాని అతనికి చేతకాలేదు. తడిసిన జుట్టు చెంపకి అతుక్కుని, చేతిలో టేపు పట్టుకుని అలా నవ్వుతుంటే, తను చేసిన పాడు షెల్టర్ మీద కూడా అతనికి ప్రేమ పుట్టుకొచ్చింది. తడవని చోటు లోపలి మూలన ఒక్కటే ఉంది. ఒక మనిషికి సరిపోయేంత. ఇద్దరూ అందులోనే సర్దుకున్నారు.

బస్సొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అతను కదల్లేదు. తలుపులు మూసుకున్నాయి.

"అది మీ బస్సే కదా?" అందామె.

"ఇంకోటి వస్తుంది."

"ఎంతసేపటికి?"

"వానకి ఆలస్యమవుతుందేమో," అన్నాడు. రవాణా విభాగంలో చేరాక బస్సు ఆలస్యం కావాలని అతను మనసారా కోరుకోవడం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి అతని కాళ్ళు నేల మీద ఆనడం లేదు. గీసే రూట్లన్నీ తెలియకుండానే డిపో మేడ వైపు వంకర తిరుగుతున్నాయి. చీఫ్ మేడమ్ ఒక మ్యాపు చూసి, "ఇదేంటి, ఆసుపత్రి బస్సు కూడా అటు నుంచే పోతోంది?" అని అడిగితే నీళ్ళు నమిలాడు.

అలా గాల్లో తేలుతున్నవాణ్ణి చీఫ్ మేడమ్ కళ్ళద్దాల షాపుకి పంపింది. పాత మార్కెట్ రోడ్డులో బస్సులకీ సైకిళ్ళకీ విడిగా దారి ఇవ్వాలంటే షాపుల ముందు కార్లు ఆపడం మానేయాలి. దీనికి ఆ వీధి దుకాణాల వాళ్ళు ఒప్పుకోవడం లేదు. అందరిలోకీ గట్టి గొంతు ఆ కళ్ళద్దాలాయనది.

"మాట్లాడుదాం గాని, ముందు ఆ కుర్చీలో కూర్చో బాబూ. ఖాళీ చేతుల్తో కూర్చుని వినడం నా వల్ల కాదు. వింటూ వింటూ నీ కళ్ళు చూస్తాను," అన్నాడాయన. అతను వద్దనేలోపే ముక్కు మీద బరువైన ఫ్రేము ఎక్కించి, అందులో అద్దాలు మార్చడం మొదలుపెట్టాడు.

"కార్లు ఆగకపోతే నా షాపుకి ఎవరొస్తారు?"

"బస్సు దిగినవాళ్ళు వస్తారండీ."

"బస్సు దిగినవాళ్ళు కొంటారా ఏమన్నా? చూసుకుంటూ వెళ్ళిపోతారు."

"చూడ్డం కష్టమైతే మీ దగ్గరికే కదండీ రావాలి."

ఆయన మీసం కొంచెం కదిలింది. నవ్వు ఆపుకున్నాడో ఏమో.

"పై వరస చదువు. ఊఁ. ఇంతకీ డిపో స్థలంలో ఆ మేడ గీసింది ఎవరు?"

"మా ఆఫీసులో ఒకావిడండీ. మహా మొండి మనిషి."

"అంత మొండా?"

"ఒకసారి గీత గీసిందంటే చెరపదు. నేనేదైనా అంటే పది మాటలంటుంది."

"ఈ అద్దం బాగుందా, ఇదా?"

"మొదటిదండీ. కానీ ఒకటి చెప్పాలి. ఆవిడ గీసిన కిటికీ చూస్తే ఆ ఇంట్లో ఉండిపోవాలనిపిస్తుంది. ఏ గదిలో నిలబడినా కింద మనుషులు కనబడాలంటుంది. ఒక్కళ్ళే ఉండే పెద్దవాళ్ళకి కూడా పొద్దున లేచి తలుపు తీస్తే పలకరించే మొహం ఒకటి ఉండాలంటుంది. మేం చదివిన పుస్తకాల్లో అలాంటి మాట ఎక్కడా లేదండీ. ఆవిడ పక్కన కూర్చున్నాకే నాకు రోడ్డంటే ఏమిటో తెలిసింది."

ఆయన చేతిలో అద్దం ఆగిపోయింది. అతని మొహంలోకి కాసేపు చూసి, నెమ్మదిగా ఆ అద్దం ఫ్రేములో పెట్టాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"అంతా స్పష్టంగా ఉందండీ."

అప్పుడే షాపు వెనకనున్న మెట్ల మీద నుంచి, "నాన్నా, టీ చల్లారిపోతోంది. ఇంకా ఎంతసేపు?" అంటూ మేడలమ్మాయి దిగి వచ్చింది.

ఆ దళసరి అద్దాల వెనక బస్సబ్బాయి కళ్ళు ఇంతింతయ్యాయి. కుర్చీలోంచి లేవబోయి ఫ్రేము పట్టుకున్నాడు. ఫ్రేము సర్దుకోబోయి కుర్చీ తన్నాడు.

"మీరిక్కడేంటి?" అని ఆమె నవ్వింది. "నాన్నా, నేను చెప్పానే, బస్సబ్బాయి. ఈయనే."

"తెలిసింది. నువ్వు మొండిదానివని చెబుతున్నాడు."

"అదొక్కటే చెప్పారా?"

"మిగతాది డాక్టరుకీ పేషెంటుకీ మధ్య రహస్యం," అన్నాడు తండ్రి. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "కానీ బాబూ, కార్ల మీద నా అభ్యంతరం నాదే. పబ్లిక్ హియరింగ్‌లో అందరి ముందూ చెబుతాను. అది వేరు, ఇది వేరు," అన్నాడు. ఇది అంటే ఏమిటో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. టీ మాత్రం రెండు కప్పులు తాగాడు.

అంతా ఇంత బాగా సాగిపోతుండగా కబురొచ్చింది.

చీఫ్ మేడమ్ అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. వేరే నగరంలో రవాణా విభాగాన్ని నడపడానికి మనిషి కావాలట. పెద్ద హోదా. అతని పేరు అడిగారు. రైల్లో వెళ్తే ఒక పగలంతా పట్టే దూరం. వెళ్ళడం ఇష్టమో కాదో అతనే చెప్పాలి. ఇష్టమైతే నెలాఖరుకి చేరిపోవాలి.

వేరే ఎవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. బస్సబ్బాయి గంతేయలేదు. ఇక్కడ ఉండడానికి అతనికి ఉన్నది ఒకే కారణం. ఆ కారణం పక్క బల్ల దగ్గర కూర్చుని అట్ట కత్తిరిస్తోంది. ఆమె ఒక్క మాట, ఉత్త ఒక్క మాట, వెళ్ళొద్దంటే చాలు. పెద్ద హోదాని అక్కడే వదిలేస్తాడు. ఆ మాట వినడం కోసమే నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

ఆమె నోట్లో పెన్సిల్, చేతిలో కత్తెర, కళ్ళముందు కింది అంతస్తు డ్రాయింగు. అందులో బస్సులు కలిసే చోటు కోసం వదిలిన ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది.

"మీకో విషయం చెప్పాలి," అన్నాడు.

"ఊఁ."

"ట్రాన్స్‌ఫర్ వచ్చింది."

పెన్సిల్ నోట్లోంచి కింద పడింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"నిజంగానా? చీఫ్ మేడమ్ ఒప్పుకున్నారా?"

"ఆవిడే చెప్పారు. నేను సరే అంటే చాలట."

"మరింకేం, అనేయండి. అబ్బ, ఎన్నాళ్ళ నుంచి కోరుకుంటున్నానో తెలుసా. మీ పక్కన కూర్చున్న రోజు నుంచీ ఇదే నా గోల."

అతను కింద పడ్డ పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీకు... ఇబ్బంది ఏం లేదా?"

"నాకేం ఇబ్బంది? మొదట్లో కొంచెం కొత్తగా ఉంటుంది. తర్వాత అందరూ అలవాటు పడిపోతారు. ఎప్పటి నుంచి?"

"నెలాఖరుకి."

"అంత ఆలస్యమా? ఇంకా ముందే చేయించలేరా? హియరింగ్‌కి ముందే అయిపోతే నాకు ఎంత హాయిగా ఉంటుందో."

ఆ మాటతో బస్సబ్బాయి మొహం మాడిపోయింది. "చూస్తాను," అని ఎలాగో అని వెనక్కి తిరిగాడు. ఆమె అప్పటికే ఈల వేస్తూ జిగురు డబ్బా మూత తీస్తోంది. ఈలలు కూడా వేస్తోంది. నేను వెళ్తుంటే ఈలలు, అనుకున్నాడు.

చూశారుగా. ఆమె చెప్పింది బస్సుల సంగతి, అతను విన్నది తన సంగతి. లోకంలో ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ వచ్చింది అంటే ఏ ఊరికి అని అడుగుతారు. మేడలమ్మాయికి మాత్రం ఏ బస్సుకి అని అర్థమైంది. పోనీ ఆ మాటైనా పైకి అడిగిందా, అదీ లేదు. ఇద్దరూ చక్కగా పప్పులో కాలేశారు.

అతను వెళ్ళి చీఫ్ మేడమ్‌కి సరే అని చెప్పేశాడు. ఆమె మాట కాదనలేని మనిషి కదా, పోయేముందు ఇంకో పని కూడా చేశాడు. ఆమె అన్నాళ్ళూ అడిగిన చోటు, మేడ కింద బస్సులు కలిసే చోటు, శ్రద్ధగా గీసి హియరింగ్ బోర్డుల మీద అతికించాడు. బస్సు ఆగే చోట పైకప్పుని ముందుకి పొడిగించాడు, ఏటవాలు వానకి ఎవరూ తడవకుండా. అది గీస్తున్నంతసేపూ ఆ కప్పు కింద ఆమె ఎవరితో నిలబడుతుందా అని ఆలోచించి, మధ్యలో రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు.

హియరింగ్ రోజు మధ్యాహ్నం మేడలమ్మాయి హుషారుగా చీఫ్ మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"ట్రాన్స్‌ఫర్ ఖాయమేనా మేడమ్?"

"ఖాయమేనమ్మా. ఒప్పుకున్నాడు పాపం. రేపు పొద్దున్నే కాగితం పై ఆఫీసుకి పంపించేస్తాను."

"పాపం ఎందుకు మేడమ్? అందరికీ మంచిదే కదా."

"నీకూ మంచిదేనా? నేనింకా నువ్వు అడ్డుపడతావేమో అనుకున్నాను. హియరింగ్ అవగానే సాయంత్రం బండికి వెళ్తున్నాడు, ఇల్లు చూసుకోడానికి."

"బస్సులకి ఇల్లెందుకు మేడమ్?"

చీఫ్ మేడమ్ కళ్ళజోడు తీసి ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపులోనే మేడలమ్మాయికి విషయం అర్థమవడం మొదలైంది. కొంచెం కొంచెంగా కాదు, గోడ కూలినట్టు మొత్తం ఒకేసారి. మరింకేం, అనేయండి. ఎన్నాళ్ళ నుంచి కోరుకుంటున్నానో. ఇంకా ముందే చేయించలేరా. తను అన్న ఒక్కో మాటా వెనక్కి వచ్చి చెంప మీద కొట్టింది.

"మేడమ్, నేను ఈలలు వేశాను," అంది నీరసంగా.

"ఏం వేశావు?"

"అతను వెళ్తున్నానని చెబితే ఈలలు వేశాను. మేడమ్, మీరు ఆపించేయండి."

"నేనెలా ఆపుతాను? సరే అన్నది అతను. వద్దనాల్సిందీ అతనే."

ఫోన్ చేస్తే తీయలేదు. ఆఫీసంతా వెతికితే లేడు. హాలుకి పరుగెత్తింది. అప్పటికే జనం నిండిపోయారు. వేదిక మీద అటు చివర కుర్చీలో అతను, కాళ్ళ దగ్గర ప్రయాణం సంచి. ఆమెను చూసి మర్యాదగా తలూపి, మైకు వైపు తిరిగిపోయాడు. అతని వెనక బోర్డు మీద తన మేడా, దాని కింద కలుస్తున్న బస్సులూ, ముందుకి సాగిన ఆ పైకప్పూ కనిపించాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ఇలాంటి మనిషిని పొమ్మన్నానా, అనుకుంది.

చీఫ్ మేడమ్ లేచి పద్ధతి చెప్పింది. ఊరివాళ్ళెవరైనా వరసలో వచ్చి అభ్యంతరం చెప్పుకోవచ్చు. దానికి సంబంధించిన అధికారి అక్కడికక్కడే స్వీకరిస్తున్నానో, తిరస్కరిస్తున్నానో చెప్పాలి. కారణం కూడా చెప్పాలి. గుమాస్తా అన్నీ రాసుకుంటాడు.

సైకిళ్ళ బెల్లుల మీద ఒకరు, దుకాణాల బోర్డుల రంగు మీద ఇంకొకరు అభ్యంతరం చెప్పారు. బస్సబ్బాయి అందరికీ ఓపిగ్గా, ప్రాణం లేని గొంతుతో జవాబు చెప్పాడు. కళ్ళద్దాలాయన వంతు వచ్చింది. ఆయన మైకు అందుకుని, వెనక్కి తిరిగి చూసి, ఆగిపోయాడు. వేదిక మీద కూర్చోవాల్సిన కూతురు వరసలో తన వెనక నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, మీ వంతు నాకిస్తారా? ప్లీజ్."

ఆయన మైకు ఆమె చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు మన వైపు కదా," అంది చీఫ్ మేడమ్.

"నేను పాత మార్కెట్ రోడ్డులో ఉంటాను మేడమ్. మా నాన్న షాపు పైన. ఊరి మనిషిగా వచ్చాను. చెప్పుకోవచ్చు కదా?"

"చెప్పుకో. ఏ విషయం మీద?"

"ట్రాన్స్‌ఫర్ మీద."

బస్సబ్బాయి ఉలిక్కిపడి బోర్డు వైపు చూశాడు. ఆ ఉసూరుమన్న గొంతులోకి కొంచెం కోపం వచ్చింది.

"అది మీరు అడిగిందేనండీ. మీ కోసమే పెట్టాను."

"నేను పొరపాటుపడ్డాను. నాకు వద్దు."

"ఇప్పుడు మార్చడం కష్టం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మొదట్లో కొంచెం కొత్తగా ఉంటుంది, తర్వాత అలవాటు పడతారు. మీరన్న మాటే."

"అందరి సంగతీ నాకు తెలీదు. నేను అలవాటు పడలేను."

"మీకు ఆ రూటుతో రోజూ పని ఉండదు కదండీ."

"రోజూ ఉంటుంది. పొద్దున్న ఆఫీసుకి రాగానే నేను ముందు చూసుకునేది దాన్నే. కాస్త ఆలస్యమైతే తలుపు వైపే చూస్తూ కూర్చుంటాను. ఆ రోజు ఒక్క గీత కూడా తిన్నగా రాదు."

ముందు వరసలో ఒకావిడ పక్కావిడ చెవి కొరికింది. అందరికీ అర్థమైపోయింది, అర్థం కావాల్సిన ఒక్కడికి తప్ప.

"ఏ నంబరు బస్సండీ?" అన్నాడు బస్సబ్బాయి, రాసుకోవడానికి కలం తీస్తూ.

కళ్ళద్దాలాయన నుదురు కొట్టుకున్నాడు.

"బస్సు కాదండీ, మీరు," అంది ఆమె. మైకు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "నేను అనేది మీ ట్రాన్స్‌ఫర్ గురించి. ఆ రోజు మీరు వచ్చి చెబితే బస్సుల గురించనుకున్నాను. ఊరు మారిపోయే సంగతని నాకు తట్టలేదు. తట్టి ఉంటే గుమ్మానికి అడ్డంగా పడుకునేదాన్ని. మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇదే నా అభ్యంతరం."

బస్సబ్బాయి బోర్డు వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. కలం చేతిలోనే ఉండిపోయింది. మొహం మీదికి ఎక్కడెక్కడి నెత్తురూ వచ్చేసింది. నవ్వాలో లేచి నిలబడాలో తెలియక, రెండూ సగం సగం చేశాడు.

"బాబూ, పద్ధతి తెలుసు కదా," అంది చీఫ్ మేడమ్. "స్వీకరిస్తున్నావా, తిరస్కరిస్తున్నావా?"

"స్వీకరిస్తున్నాను మేడమ్," అన్నాడు. మైకుకి మరీ దగ్గరగా అన్నాడేమో, హాలంతా కుయ్యిమంది.

"కారణం?"

"నాకూ ఆవిడంటే ప్రాణం మేడమ్. ఉండమంటుందేమోనని ఆశపడే ఆ రోజు వెళ్ళి చెప్పాను. ఉండమంటే చాలు, నాకు ఇంకే ఊరూ వద్దు."

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో గాని, సైకిల్ బెల్లుల మీద కోపంగా ఉన్నాయన కూడా కొట్టేశాడు. గుమాస్తా బిక్కమొహం వేసుకుని చీఫ్ మేడమ్ వైపు చూశాడు.

"ఇది ఎలా రాయమంటారు మేడమ్?"

"సాంకేతిక కారణాల వల్ల అని రాయండి," అంది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఆగండాగండి. నా వంతు ఇంకా మిగిలే ఉంది," అంటూ కళ్ళద్దాలాయన ముందుకొచ్చి కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. హాలు మళ్ళీ సద్దుమణిగింది. మేడలమ్మాయి భయంగా తండ్రి వైపు చూసింది. బస్సబ్బాయి ఈసారి పూర్తిగా లేచి నిలబడ్డాడు.

"షాపుల ముందు కార్లు తీసేయడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది," అన్నాడాయన. "ఇది ఇక్కడ ఒక్క పూటలో తేలే విషయం కాదు. ఈ అబ్బాయి రేపు మా ఇంటికొచ్చి, కూర్చుని, నింపాదిగా మాట్లాడాలి. ఎల్లుండి కూడా రావాలి. తేలేదాకా రోజూ రావాలి. ముందే చెబుతున్నాను, తొందరగా తేల్చే ఉద్దేశం నాకు లేదు."

"స్వీకరిస్తున్నానండీ," అన్నాడు బస్సబ్బాయి.

ఈసారి కారణం ఎవరూ అడగలేదు.